మొదటి ఏడాది మెమో చూసి గణితం వదిలేయాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిగ్రీలో లెక్కలంటే ప్రాణం పెట్టి చదివి, ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలని మనసులో ఉండి కూడా, మొదటి ఏడాది మార్కుల మెమో చూసుకుని అక్కడే ఆగిపోయే పిల్లల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. మా దగ్గర చదివేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లు, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి తామే అయినవాళ్లు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరో ఇద్దరో నిజంగా గణితం పట్టుబడినవాళ్లు ఉంటారు. ఫైనలియర్‌కి వచ్చేసరికి వాళ్ల నోట ఒకటే మాట: "మేడమ్, నాకు ఫస్టియర్‌లో సబ్జెక్టులు పోయాయి కదా, పెద్ద పెద్ద చోట్ల తీసుకోరంట కదా." ఎవరు చెప్పారని అడిగితే సీనియర్లు అంటారు, బావ అంటారు, యూట్యూబ్‌లో చూశామంటారు. అప్లికేషన్ తెరిచి కూడా చూడకుండా గ్రూప్స్ కోచింగ్‌కో బ్యాంకు కోచింగ్‌కో వెళ్లిపోతారు. ఆ ఉద్యోగాలు తక్కువైనవని నేను అనను. ఇష్టపడి వెళ్తే సంతోషమే. భయపడి వెళ్తున్నారు, నా బాధ అది.

అసలు ఆ మార్కులు ఎందుకు తగ్గాయి? ఎంపీసీ పిల్లల మెమోలో గణితం ఒక్కటే ఉండదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, వాటి ప్రాక్టికల్స్, ఇంగ్లిష్, రెండో భాష, మధ్యలో చేర్చిన చిన్న చిన్న కోర్సులు, అన్నీ కలిపి చివరికి ఒక పర్సంటేజీ వస్తుంది. పైగా మన పిల్లల్లో చాలామంది పదో తరగతి, ఇంటర్ తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే అయింది. మొదటి రెండు సెమిస్టర్లు పాఠం ఒక ఎత్తు, ప్రశ్నలో ఏమడిగారో అర్థం చేసుకోవడం ఇంకో ఎత్తు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పొలం పనులు మీద పడినా, పొద్దున కాలేజీకి వచ్చి రాత్రి షాపులో పని చేయాల్సి వచ్చినా ఆ దెబ్బ కూడా ఆ సెమిస్టర్ మీదే కనిపిస్తుంది. ఇంజినీరింగ్ పిల్లల సంగతీ ఇంతే. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నందుకు అందరితో పాటు బీటెక్‌లో చేరి, వర్క్‌షాపులూ డ్రాయింగులూ సప్లీల్లో రాసుకుంటూ, మనసంతా గణితం మీద పెట్టుకుని తిరిగే పిల్లలు నాకు చాలామంది తెలుసు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి గురించి చెబుతాను. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్, కెమిస్ట్రీ పోయాయి, గణితంలో కూడా అత్తెసరు మార్కులే. రెండో ఏడాది గ్రూప్ థియరీలో లాగ్రాంజ్ సిద్ధాంతం చెబుతున్నాను. ఒక గ్రూపు లోపల తనంతట తానే గ్రూపుగా నిలబడే భాగాన్ని సబ్‌గ్రూప్ అంటాం. సబ్‌గ్రూప్‌లో ఎన్ని మూలకాలుంటే ఆ సంఖ్య మొత్తం గ్రూపులోని మూలకాల సంఖ్యను భాగించాలి, అంతే సిద్ధాంతం. ఆ అబ్బాయి లేచి, "మరి భాగించే ప్రతి సంఖ్యకూ ఒక సబ్‌గ్రూప్ ఉండి తీరాలా మేడమ్?" అని అడిగాడు. ఇది సిలబస్‌లో అడిగే ప్రశ్న కాదు, కానీ గణితం చదివే మనిషి అడగాల్సిన ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు, ఏ4 అనే గ్రూపు రాసిచ్చి చూసుకోమన్నాను. దానిలో 12 మూలకాలు ఉంటాయి, 6 పన్నెండును భాగిస్తుంది, అయినా 6 మూలకాల సబ్‌గ్రూప్ దానిలో ఒక్కటీ లేదు. మర్నాటికల్లా ఎందుకు లేదో పూర్తి నిరూపణ రాసుకొచ్చాడు. ఇంగ్లిష్ తప్పులతడక, తర్కంలో మాత్రం ఎక్కడా కన్నం లేదు. ఇది ఏ మెమోలో కనిపిస్తుంది చెప్పండి?

దీనికి రెండో వైపు కూడా ఉంది. మా పరీక్షల్లో తొంభై దాటిన ప్రతివాళ్లకూ గణితం వచ్చని అనుకోకండి. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని ఇంపార్టెంట్ క్వశ్చన్లు కంఠస్థం చేస్తే రియల్ అనాలిసిస్‌లో కూడా మంచి మార్కులే వస్తాయి. ఆ పిల్లలనే ఒక ఫంక్షన్ ఒక బిందువు దగ్గర కంటిన్యువస్ కాదని సొంతంగా నిరూపించమంటే చేతులు ఆగిపోతాయి. కాబట్టి పర్సంటేజీ రెండు వైపులా తప్పు చెబుతోంది. అలాంటిదాన్ని అన్నిటికన్నా ముందు జల్లెడగా పెట్టి, దానిలోంచి జారిపోయినవాళ్ల మొహం కూడా చూడకపోవడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

డిసెంబర్ 22 వస్తే ప్రతి కాలేజీలో రామానుజన్ ఫొటోకు దండ వేస్తాం, ఉపన్యాసాలు చెబుతాం. ఆయన ఎఫ్‌ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పాడని, కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడని, తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా గట్టెక్కలేదని పిల్లలందరికీ తెలుసు. గణితంలో తిరుగులేని మనిషికి ఇంగ్లిష్, ఫిజియాలజీ అడ్డం పడ్డాయి. కానీ ఆ తర్వాత మద్రాసు యూనివర్సిటీ ఏం చేసిందో మనం చెప్పం. 1913లో, డిగ్రీ కూడా లేని పోర్ట్ ట్రస్ట్ గుమస్తాకు, నెలకు 75 రూపాయల రీసెర్చ్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. మామూలుగా అయితే దానికి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్, ఆయన స్వయంగా గణితం చదివినవాడు, రామానుజన్ నోటుపుస్తకం చూసి యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. యూనివర్సిటీ పెద్దలు ఆ పని చూసి, నిబంధన పక్కన పెట్టి, సరే అన్నారు. నూరేళ్ల కింద, పరాయి పాలనలో అంత వెసులుబాటు ఉంటే ఇవాళ మనకు ఎందుకు ఉండకూడదు? రామానుజన్ లాంటివాడు మళ్లీ పుడతాడా లేదా అనే చర్చ నాకు అక్కర్లేదు. ఆయనకు దొరికినట్టు, పని చూసి నిర్ణయించే నలుగురు పెద్దలు మామూలు తెలివైన పిల్లలకు కూడా దొరకాలి.

అలాంటి తలుపులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి, పిల్లలకు తెలియడం లేదు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఈ మూడూ సొంతంగా పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాయి. అక్కడ మీరు ఆ రోజు కాగితం మీద ఏం రాశారు, బోర్డు దగ్గర ఏం ఆలోచించారు అన్నదానికే అన్నిటికన్నా ఎక్కువ విలువ. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అదే జామ్‌తో బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా ప్రయత్నించవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియా, కాకతీయ లాంటి వాటికి సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్. కనీస మార్కుల నిబంధన ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మారుతూ ఉంటుంది, కాబట్టి ఏ సీనియర్ మాటా నమ్మకుండా ఆ ఏడాది ప్రాస్పెక్టస్ మీరే చదవండి. ఇంకోటి, ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అని వేసవి శిక్షణ ఒకటుంది. 1993లో ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ మొదలుపెట్టారు, తర్వాతి రోజుల్లో ఆయన మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా పాఠాలు చెప్పారు. అక్కడ నోట్సు డిక్టేట్ చేయరు. ప్రశ్న వేసి, మీ చేతే జవాబు చెప్పించి, తప్పయితే ఎక్కడ తప్పో మీ చేతే పట్టిస్తారు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు ఒక్క వేసవి అక్కడ గడిపితే, గణితం తమకు సరిపడుతుందో లేదో వాళ్లకే తెలిసిపోతుంది. మంచి మార్కులతో నిండిన ఇంకో సెమిస్టర్ కన్నా అది విలువైనదని నేను నమ్ముతాను.

దాటడానికి వీల్లేని గోడ ఒకటుంది, దాని గురించి దాచకుండా చెప్పాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీలో చేరాలంటే ఎమ్మెస్సీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ నుంచి నేరుగా వెళ్లాలంటే 75 శాతం. సీఎస్‌ఐఆర్ నెట్‌కు (రీసెర్చ్ ఫెలోషిప్ కోసం రాసే పరీక్ష) కూడా జనరల్ అభ్యర్థులకు ఎమ్మెస్సీలో 55 కావాలి. కాబట్టి డిగ్రీలో తడబడ్డవాళ్లు ఎమ్మెస్సీలో తడబడకూడదు. మీ యూనివర్సిటీలో ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలుందా, ఎన్నేళ్లలోపు రాయాలి అన్నది ఎమ్మెస్సీలో చేరిన మొదటి నెలలోనే కనుక్కోండి, పాసైపోయాక కనుక్కుంటే గడువు దాటిపోయి ఉండొచ్చు. యూనివర్సిటీలను నేను అడిగేది ఏమిటంటే, యూజీసీ గీత మీ చేతిలో లేదు, సరే, కానీ దానిపైన మీరు సొంతంగా గీసుకున్న గీతలు మీ చేతిలోనే ఉన్నాయి. గణితంలో రీసెర్చికి వచ్చేవాళ్లను షార్ట్‌లిస్ట్ చేయడానికి కొన్ని చోట్ల పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు కూడా కలుపుతున్నారు. పదిహేనేళ్ల వయసులో సాంఘిక శాస్త్రంలో వచ్చిన మార్కులకు టోపాలజీ లాంటి పైస్థాయి గణితంతో ఏం సంబంధం? అవి తీసేయండి. చివరి రెండేళ్ల గణితం పేపర్లు విడిగా చూడండి, రాత పరీక్షకు ఎక్కువమందిని పిలవండి.

ఇక పిల్లలకు. మార్కులు ఎందుకు తగ్గాయో, అప్లికేషన్‌తో పాటు మన గురించి రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో రాయాలా వద్దా అని అందరూ టెన్షన్ పడతారు. రాయండి, రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, తర్వాత ఏం మారింది. అంతే. పేజీ అంతా కష్టాలే రాస్తే చదివేవాళ్లకు జాలి కలుగుతుందేమో గానీ మీ గణితం ఏమిటో తెలియదు. మిగతా చోటంతా ఏ సిద్ధాంతం మిమ్మల్ని పట్టుకుంది, ఏ పుస్తకం ఎంతవరకు సొంతంగా చదివారు, ఏ ప్రశ్న దగ్గర ఇంకా చిక్కుకుని ఉన్నారు, వీటికి ఇవ్వండి. సప్లీలు దాచాలని చూడకండి, మెమో మీద నెల, సంవత్సరం ఉంటాయి, చూసేవాళ్లకు తెలిసిపోతుంది. "పేపర్ పబ్లిష్ చేయిస్తాం, ప్రొఫైల్ బలపడుతుంది" అని డబ్బులడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, డబ్బు కట్టి వేయించుకున్న ఆ పేపర్లను గణితం తెలిసినవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోరు, మీ మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది. నిజంగా రియల్ అనాలిసిస్‌లో, ఆల్జీబ్రాలో, లీనియర్ ఆల్జీబ్రాలోనే మార్కులు తక్కువ ఉంటే మాత్రం ఆ సంగతి వేరు. అప్పుడు అప్లికేషన్ ఒక ఏడాది ఆపి, ఆ మూడూ మొదటి నుంచి, ప్రతి నిరూపణా పుస్తకం మూసి మళ్లీ రాస్తూ చదవడమే దారి. ఆ ఏడాది వృథా కాదు.

నా తోటి లెక్చరర్లతో కూడా ఒక మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2022లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న జూన్ హు సియోల్‌లో పెరిగాడు. కవిని అవుదామని హైస్కూల్ మధ్యలో మానేశాడు. తర్వాత సియోల్ నేషనల్ యూనివర్సిటీలో ఫిజిక్స్, ఆస్ట్రానమీలో చేరితే డిగ్రీకి ఆరేళ్లు పట్టింది. చివర్లో అక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన జపాన్ గణితవేత్త హిరోనాకా క్లాసులో కూర్చుని గణితం వైపు తిరిగాడు. అమెరికాలో డజను దాకా యూనివర్సిటీలకు అప్లై చేస్తే ఇల్లినాయీ ఒక్కటి తప్ప అన్నీ కాదన్నాయి. మార్కులు చెప్పుకోదగ్గవి కావు, గణితం మేజర్ కూడా కాదు, ఆయన అప్లికేషన్‌కు ఉన్న బలమంతా హిరోనాకా రాసిన సిఫారసు ఉత్తరమే. అక్కడ చేరిన తొలి రోజుల్లోనే, గ్రాఫులకు రంగులు వేసే లెక్కల్లో నలభై ఏళ్లుగా ఎవరికీ లొంగని రీడ్ ఊహను తేల్చేశాడు. ఆయన తెలివి ఆయనదే, ఎవరూ ఇచ్చింది కాదు. కానీ ఆ తెలివిని దగ్గర నుంచి చూసి, పేరు పెట్టి రాసిన మనిషి ఒకరున్నారు కాబట్టే ఆ ఒక్క సీటయినా వచ్చింది.

మన దగ్గర ఏం జరుగుతోంది? పిల్లలు వచ్చి ఉత్తరం అడిగితే "నువ్వే టైప్ చేసుకుని రామ్మా, సంతకం పెడతా" అంటాం. వాళ్లు ఎక్కడో దొరికిన నమూనా తెస్తారు, సిన్సియర్, హార్డ్ వర్కింగ్, పంక్చువల్ అని. పదిమందికీ అదే ఉత్తరం. మార్కులు బాగున్న పిల్లలకు అలాంటి ఉత్తరం వల్ల పెద్ద నష్టం లేదు. మార్కులు ఎగుడుదిగుడుగా ఉన్న పిల్లలకు మాత్రం ఆ ఉత్తరం తప్ప వేరే ఆధారం లేదు, దాన్ని మనం చేజేతులా ఖాళీ కాగితం చేస్తున్నాం. మనకు క్లాసులు ఎక్కువని, పరీక్షల డ్యూటీలు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ల ఫైళ్లు ఉన్నాయని నాకు తెలుసు, నేనూ అదే పనిలో ఉన్నాను. అయినా ఏడాదికి అలా రాయాల్సింది ఇద్దరికో ముగ్గురికో. ఏ4 గురించి ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న, రాసుకొచ్చిన నిరూపణ, మొదటి సెమిస్టర్ ఎందుకు పోయింది, ఇప్పుడు అదే పిల్లాడు సెమినార్‌లో ఎలా మాట్లాడుతున్నాడు, ఇవి ఒక పేజీలో మామూలు ఇంగ్లిష్‌లో రాస్తే చాలు. పెద్ద పెద్ద విశేషణాలు అక్కర్లేదు. బలహీనత ఉంటే అది కూడా రాయండి, అప్పుడే మిగతా మాటలు నమ్ముతారు. నేను అతనికి రాసింది అలాంటిదే. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాడు, అక్కడి ఇంటర్వ్యూలో తనను మొదట అడిగింది ఆ ఏ4 గురించేనని ఫోన్ చేసి చెప్పాడు.

విదేశాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ ఖర్చు మా పిల్లల్లో కొందరికే సాధ్యం. అమెరికాలో గణితం పీహెచ్‌డీకి సీటొస్తే మామూలుగా ఫీజు ఉండదు, పాఠాలు చెప్పినందుకు స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎమ్మెస్‌కు అలా కాదు, చాలావరకు సొంత డబ్బు. కాబట్టి గణితం మీద ఇష్టంతో పొలం తాకట్టు పెట్టి అక్కడి ఎమ్మెస్‌కు వెళ్లమని ఏ కన్సల్టెన్సీ చెప్పినా ఆగి ఆలోచించండి. మూడేళ్ల డిగ్రీని అక్కడ చాలా చోట్ల సరిపోదంటారు, ఇక్కడ ఎమ్మెస్సీ చేసి వెళ్లడం మేలు. అందరికీ తెలియని మంచి దారి ఒకటి ఇటలీలోని ట్రియెస్టెలో ఉంది. భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ 1964లో స్థాపించిన ఐసీటీపీ అనే అంతర్జాతీయ పరిశోధన కేంద్రంలో, మనలాంటి దేశాల పిల్లల కోసమే, పీహెచ్‌డీకి సిద్ధం చేసే ఏడాది డిప్లొమా ఉంది. గణితం కూడా ఉంది. ఎంపికైతే ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు. పోటీ గట్టిదే, అయినా అప్లై చేయకుండా వదిలేయొద్దు.

ఎడిటర్ గారూ, ఫలితాల రోజుల్లో మీరు ర్యాంకర్ల ఫొటోలు, ఇంటర్వ్యూలు వేస్తారు, పిల్లలు ఇష్టంగా చదువుతారు. దానితో పాటు విద్యా పేజీలో ఒక్కసారి, గణితంలో పైచదువులకు ఏ సంస్థ ఏ పరీక్ష పెడుతుంది, కనీస మార్కులు అడుగుతుందా లేదా, అడిగితే ఎంత, దరఖాస్తులు ఎప్పుడు అన్నది పట్టికగా వేయమని కోరుతున్నాను. బ్యాక్‌లాగ్‌లున్నా అర్హులేనా అన్న ప్రశ్నకు కూడా ఆయా సంస్థలనే అడిగి జవాబు వేయండి. అది కోచింగ్ సెంటర్ల దగ్గర తీసుకోవద్దు. జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఆగస్టులోనే వేస్తే, మా కాలేజీ లాంటి చోట్ల ఫైనలియర్ పిల్లలకు ఆ సమాచారం వేళకు అందుతుంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ గణితం లెక్చరర్,
ఖమ్మం జిల్లా